ఇంటియందే కూర్చుకొను కార్బను బైసికిలు

బైసికిలనగా మన పెద్దలకు ఉక్కుగొట్టముల బండియే. ఇరువది కిలోల బరువు, వెనుక క్యారియరు, దానిమీద బియ్యపు మూటయో, బడికి పోవు పిల్లవాడో. అట్టి బండి మన పల్లెలలో నేటికిని తిరుగుచునే యున్నది. ఉక్కు కర్మాగారముగల విశాఖపట్టణమున ఉక్కుబండిని కాదని బొగ్గుబండిని మెచ్చుకొనుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. 1971వ సంవత్సరము జనవరి 20వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి ఆ కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. అచ్చటి కొలుములకు వలయు బొగ్గు ఓడలమీద వచ్చుచున్నది. ఉక్కునందును బొగ్గు కలదు. సాధారణముగా నూటికి ఒక పాలైనను ఉండని ఆ కొలదిపాటి బొగ్గే మెత్తని ఇనుమును గట్టిపరచుచున్నది. కావున ఈ రెండును ఒండొంటికి బొత్తిగా పరాయివి కావు.

ఇప్పుడు సముద్రతీరపు రోడ్డుమీద తెల్లవారుజామున సన్నని చక్రములు, వంపు తిరిగిన హేండిలు గల బండ్లను వంగి త్రొక్కుచు పోవువారు కనబడుదురు. ఆ బండ్లను రోడ్డుబైకు లందురు. పేరుపొందిన కంపెనీల కార్బను బండి కొనబోయినచో రెండు లక్షల రూపాయలు మొదలుకొని చెప్పుదురు. పై హద్దు లేదు. చైనాలోని కొందరు తయారుదారులు తామే నేరుగా అమ్ము ఫ్రేము, ఫోర్కుతో కూడ, సుమారు 40 వేలు మొదలు 60 వేల వరకు దొరకును. సుంకము, రవాణా ఖర్చు వేరు. చక్రములు, గేర్లు, బ్రేకులు, టైర్లు, సీటు వేరువేరుగా కొని కూర్చినచో మొత్తము లక్షా ఇరువదివేలకు తగ్గదు; కొంచెము మంచి సామాను కోరినచో లక్షా డెబ్బదివేలకును పోవును. ఆదా యున్నది గాని అందరు చెప్పుకొనునంత లేదు. కేవలము డబ్బు మిగుల్చుకొనుటకే యైనచో ఈ శ్రమ వలదనియే నా సలహా. లాభము మరియొకచోట నున్నది. దానిని ముందు చెప్పెదను.

కార్బను అనగా నేమో తెలిసికొనుట మన సోదరీమణులకు కష్టము కాదు. స్వెట్టరులల్లు అక్రిలికు నూలు ఏ పదార్థముతో చేయబడునో, దాదాపు ఆ పదార్థపు దారమునే గాలిలో సుమారు రెండు మూడువందల డిగ్రీల వేడిలో లాగిపట్టి కాచి, పిమ్మట ప్రాణవాయువు సోకని కొలిమిలో వేయి డిగ్రీలకు పైగా కాల్చుదురు. తక్కినవన్నియు పోయి బొగ్గుపోగు మిగులును. అది వెండ్రుకలో సుమారు పదవవంతు సన్నము. 1960 ప్రాంతమున జపానుదేశపు ఒసాకా నగరమున అకియో షిండో అను శాస్త్రజ్ఞుడు ఈ మార్గమును చూపెను. ఆ పోగులకు అరాల్డైటు జాతి జిగురు పట్టించి పలుచని పట్టీలుగా చేసి, ముక్కలు కత్తిరించి, అచ్చులో పొరమీద పొర పేర్చి, వేడిచేసి గట్టిపరచుదురు. చైనా, తైవాను దేశములలో ఈ పేర్పు నేటికిని చేతిపనియే. చేయువారిలో స్త్రీలు మెండు.

ఇందలి రహస్యమంతయు పోగు నడచు దిక్కులో నున్నది. క్రాసుగా కత్తిరించిన రవికగుడ్డ యొకవిధముగను, నిలువుగా కత్తిరించినది మరియొకవిధముగను సాగుట మనమెరిగినదే. అట్లే కార్బను పట్టీ పోగు వెంబడి లాగిన చెక్కుచెదరదు, అడ్డముగా లాగిన చీలును. అందుచేత కొన్ని పొరలను నిలువుగను, కొన్నింటిని ఏటవాలుగను పరతురు. పెడలు త్రొక్కినపుడు మెలిపడకుండ ఒకచోట పొరలు హెచ్చింతురు, గతుకులలో నడుము నొవ్వకుండ మరియొకచోట తగ్గింతురు. ఇట్లు చేసిన ఫ్రేము సుమారు ఒక కిలో తూగును. పూర్తిగా కూర్చిన బండి ఎనిమిది, తొమ్మిది కిలోలలో ముగియును. రెండవ అంతస్తులో కాపురమున్న యిల్లాలు దానిని ఒంటిచేత మోసికొని పోవచ్చును.

చౌక ఫ్రేము విరిగిపోదా యని యింటివారు తప్పక అడుగుదురు. అడుగవలసినదే. ఉక్కుగొట్టము విరుగుటకు ముందు వంగి హెచ్చరించును. కార్బను అట్లు వంగదు, ఒక్కసారిగా పగులును. ముందుచక్రమును పట్టియుండు ఫోర్కు విరిగినచో ప్రాణమునకే అపాయము. కాబట్టి రెండు సంగతులు గట్టిగా పట్టుకొనవలెను. మొదటిది: గొప్ప కంపెనీ పేరు అతికించి పదవవంతు వెలకు అమ్ము దొంగసరుకును ముట్టరాదు. తన పేరు తాను పెట్టుకొని అమ్మువాడు చౌకగా అమ్మినను మాటకు నిలువవలసినవాడు. పరుల పేరు దొంగిలించినవానికి ఆ బాధ్యత లేదు. రెండవది: ఐ.ఎస్.ఓ. 4210 అను బైసికిళ్ళ భద్రతాప్రమాణము ప్రకారము ఫ్రేమును, ఫోర్కును పరీక్షించిన పత్రము గలదా యని వ్రాసి యడుగవలెను. పెట్టె విప్పగనే దీపము వేసి గొట్టముల లోపలి వైపు చూడవలెను. ముడుతలు, జిగురు గడ్డలు, పొర లేచిన చోట్లు ఉండరాదు. రూపాయి నాణెముతో మెల్లగా అంతటను తట్టి వినవలెను. కుండ కొనునపుడు మనము చేయుపనియే యిది. ఒకచోట ఖణిల్లుమని, ప్రక్కనే బొదబొదలాడినచో ఆ సరుకును త్రిప్పి పంపవలెను.

ఇక లాభము సంగతి. తమిళదేశపు పుదుక్కోట జిల్లాలో 1990 దశకపు తొలియేండ్ల అక్షరాస్యతోద్యమమువారు వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిలు త్రొక్కుట నేర్పిరి. ఆడవారి సైకిళ్ళు చాలక, వారిలో అనేకులు మగవారి సైకిళ్ళనే కొని త్రొక్కిరి. నేటి దుకాణములలోను పరిస్థితి పెద్దగా మారలేదు. ఎక్కువ బండ్లు ఐదడుగుల ఎనిమిదంగుళముల పురుషుని కొలతకే యుండును. ఐదడుగుల రెండంగుళముల స్త్రీ దానిమీద కూర్చున్నచో చేతులు సాగి, మెడ నొచ్చి, అరచేతులు తిమ్మిరెక్కును. ఆమె "నా దేహము దీనికి తగినది కాదు" అనుకొని బండిని గోడకు చేర్చును. తప్పు దేహముది కాదు, కొలతది. స్వయముగా కూర్చుకొనునపుడు చిన్న ఫ్రేము, 38 సెంటీమీటర్ల హేండిలు, 172.5కు బదులు 165 మిల్లీమీటర్ల క్రాంకు, వెడల్పు తగిన సీటు మొదటినుండియే ఏరుకొనవచ్చును. గోడకు ఆని నిలిచి, కాళ్ళసందు మొదలు నేలవరకు కొలిచి, ఆ కొలతను 0.883తో హెచ్చించినచో క్రాంకు నడిమినుండి సీటు పైభాగము వరకు ఉండవలసిన ఎత్తు సుమారుగా తెలియును. 74 సెంటీమీటర్లున్నవారికి 65 పైచిలుకు. రవిక కుట్టించుకొనుటకు ఇన్ని కొలతలిచ్చు మనము, ఏండ్ల తరబడి త్రొక్కు బండికి ఒక్క కొలతయు ఈయకుండుట వింతయే.

గేర్ల విషయమున విశాఖ నేలను చూచి ఎన్నుకొనవలెను. భీమిలి రోడ్డు చాలవరకు సుగమమే గాని, కైలాసగిరి, సింహాచలము కొండలున్నవి. శృంగవరపుకోట దాటిన పిదప అరకు ఘాటు ఉండనేయున్నది. ముందు 50, 34 పండ్ల చక్రములు, వెనుక 11 మొదలు 34 వరకు పండ్లుగల చక్రములగుత్తి మనవంటివారికి మేలు. ఎక్కుడులో 34కు 34 వేసినచో పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒకే చుట్టు తిరుగును, బండి రెండు మీటర్లు సాగును. చదునుమీద 50కి 11 వేసినచో అదే చుట్టునకు తొమ్మిది మీటర్లు దాటును. బ్రేకులు, టైర్లు, ఫోర్కు, ఈ మూడింటియందు మాత్రము పిసినారితనము కూడదు. చక్రములు, సీటుకడ్డీ చౌకవైనను పరవాలేదు, తరువాత మార్చుకొనవచ్చును.

కూర్చుపని బలమైన పురుషుని చేతిపని యనుట యుక్తము కాదు. కార్బను సామానులో పగులు సగము బలమైన చేతివలననే వచ్చుచున్నదని నాకు తోచును. హేండిలును పట్టు బోల్టులు, సీటు పట్టీ బోల్టు సాధారణముగా సుమారు 5 న్యూటను మీటరులకు మించరాదు. ఆ సంఖ్య పెక్కు సామానుమీద చెక్కియే యుండును. జానెడు పొడవుగల పానా చివర రెండున్నర కిలోల బియ్యపు సంచి వ్రేలాడదీసినంత బలము, అంతే. వెనుకచక్రపు పండ్లగుత్తిని బిగించునది మాత్రము 40 కోరును. కాబట్టి టార్కు రెంచి యను కొలతపానా ఒకటి కొననిదే ఈ పనికి పూనుకొనరాదు. చేయియంచనా వంటలో ఉప్పునకు పనికివచ్చును గాని ఇచ్చట పనికిరాదు. ఆంగ్లపు మరలు గల ఫ్రేములలో క్రాంకు బేరింగు కుడివైపు కప్పును, ఎడమ పెడలును ఎదురుమరలు. తెలియక మామూలు వైపు త్రిప్పినచో మరలు నశించును. కేబుళ్ళను ఫ్రేము లోపలినుండి దూర్చుటయే అన్నింటికన్న విసుగు పని. లంగాబొందు ఎక్కించినట్లు, ముందొక సన్నదారమును లాగి దానివెంట కేబులును రప్పించినచో కొంత సుళువగును.

ఫోర్కు కాడను కోయుట చివరి పని కావలెను. ఒకమారు కోసినది తిరిగి అతుకదు గనుక రెండు సెంటీమీటర్లు ఎక్కువగా ఉంచి, ఒక నెల త్రొక్కి చూచి, ఎత్తు కుదిరిన పిదప కోయుట మేలు. ఆ కోతదుమ్ము ఊపిరితిత్తులకు, చర్మమునకు కీడు. ఆరుబయట, తడిపి, ముక్కుకు మాస్కు కట్టి, సన్నపండ్ల రంపముతో కోయవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

విశాఖవాసులకు ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి గలదు. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామి 2002 మొదలు బీచిరోడ్డున ప్రదర్శనశాలగా నిలిచియున్నది. అట్టి ఉక్కుదేహమునకే ఉప్పుగాలి శత్రువు. కార్బను తుప్పుపట్టదు, ఆ ధైర్యముతోనే పలువురు బండిని అశ్రద్ధ చేయుదురు. కాని కార్బనును అల్యూమినియమును ఒకదానినొకటి తాకి, నడుమ ఉప్పునీరు చేరినచో అది చిన్న బ్యాటరీ యగును. అల్యూమినియము తెల్లని పొడియై పొంగి బిగుసుకొనిపోవును. అల్యూమినియపు సీటుకడ్డీ ఇట్లు ఫ్రేములో ఇరుకుకొన్నచో దానిని ఊడదీయుటలో ఫ్రేమే పగులవచ్చును. అందుచేత కడ్డీకి కార్బను పేస్టు పూసి దించి, రెండు మూడు నెలల కొకమారు బయటికి తీసి తుడిచి తిరిగి పూయవలెను. తీరమున తిరిగివచ్చిన దినమున తడిగుడ్డతో ఒడలంతయు తుడిచి, గొలుసును పొడిగా తుడిచి, రెండు మూడు వందల కిలోమీటర్లకొకమారు చుక్కచుక్కగా నూనె వేయవలెను. ఓడరేవు వైపు ఉన్నవారికి బొగ్గుపొడి కూడ కలియును గనుక గొలుసు ఇంకను త్వరగా అరుగును.

మొదటి వంద కిలోమీటర్లలో కేబుళ్ళు సాగును, బోల్టులు సర్దుకొనును. భీమిలికి రెండుమార్లు పోయివచ్చిన చాలును, వంద యగును. అటుపిమ్మట ప్రతి బోల్టును కొలతపానాతో మరల చూడవలెను. చూచిన ప్రతి బోల్టు తలనుండి ప్రక్కభాగము వరకు గోళ్ళరంగుతో సన్నగీత గీసినచో, బోల్టు కదలిన దినమున ఆ గీత విడిపోయి కంటికి కనబడును. ఎఱ్ఱరంగైనచో నల్లని కార్బనుమీద స్పష్టముగా తెలియును.