గాయం మానాక ఉబ్బే మచ్చలు



“పుండు మానిపోయిందమ్మా, మచ్చ మాత్రం పెరుగుతోంది” అంటూ మా దగ్గరకు వచ్చేవారు చాలామంది. లోపల చీము ఉండిపోయిందనో, క్యాన్సర్ అనో భయపడుతుంటారు. ఇది రెండూ కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు.

చర్మం తెగినచోట రక్తం గడ్డకట్టి పక్కు కడుతుంది. తరువాత కొలాజెన్ అనే సన్నని పోగులు అల్లుకుని గాయాన్ని పూడుస్తాయి. పైకి మానినట్లున్నా, ఆ పోగులు సర్దుకోవడానికి ఏడాది, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అవి అవసరానికి మించి తయారైతే మచ్చ ఉబ్బి, దురద పెడుతుంది.

గాయం ఉన్నంత మేరకే ఉబ్బిన మచ్చ చాలావరకు కాలక్రమేణా అణుగుతుంది. గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకేది కీలాయిడ్. పీత డెక్క అనే అర్థమున్న గ్రీకు మాట నుండి ఈ పేరు వచ్చింది. ఫ్రెంచి వైద్యుడు అలిబేర్ 1806లో దీనికి మొదట క్యాన్సర్‌ను తలపించే పేరు పెట్టి, తరువాత అది క్యాన్సర్ కాదని మార్చాడు. చెవి తమ్మె, రొమ్ము మధ్యభాగం, భుజం దీనికి ఇష్టమైన చోట్లు. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. అటువంటి ఇళ్లవారు ఆడపిల్లకు రెండో కుట్టు, మూడో కుట్టు అని చెవులు కుట్టించకపోవడమే మంచిది.

కాలిన గాయాలకు ఉబ్బు మచ్చలు మరీ ఎక్కువ. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. అలాంటి మంటల నుండి బ్రతికి బయటపడినవారికి పుండు మానడంతో వైద్యం ముగియదు. మూడు వారాలు దాటినా మానని కాలిన పుండు ఉబ్బే అవకాశం ఎక్కువ. మోచేతి దగ్గరో మెడ దగ్గరో అయితే చర్మం బిగుసుకుని కీలు వంగిపోతుంది. అందుకే నొప్పి అన్నా వ్యాయామం చేయిస్తాము, బిగుతు తొడుగులు నెలల తరబడి, స్నానానికి తప్ప తీయవద్దంటాము. మన ఎండల్లో అది ఎంత కష్టమో మాకు తెలుసు.

ఇంకొకటి, పథ్యం. గుడ్డు, పప్పు, చేప పెడితే చీము పడుతుందని రోగిని చారన్నంతో సరిపెడుతున్నారు. కొలాజెన్ తయారయ్యేదే మాంసకృత్తులతో! చేపల చెరువుల మధ్య ఉండి రోగికి చేప ముక్క పెట్టకపోవడం ఏమి న్యాయం? జామకాయ కూడా పెట్టండి.

కీలాయిడ్‌ను కోసి తీసివేస్తే చాలదు. ఒట్టి కోతతో వదిలేస్తే తిరిగి, మునుపటికంటే పెద్దదిగా రావచ్చు. నాటు మందు పూసి కాల్చడం అసలే వద్దు. చిన్నగా ఉండగానే వస్తే సిలికాన్ పట్టీ, మచ్చలోకి నెలకొకసారి స్టెరాయిడ్ ఇంజెక్షను చాలామందికి పనిచేస్తాయి. ఆ సూది కాస్త నొప్పి పెడుతుంది, పిల్లలను తీసుకొచ్చేటప్పుడు ఆ మాట ముందే చెప్పి తీసుకురండి.