గిఫ్ట్ అంటే విషం! మీకు తెలుసా?

పుట్టినరోజుకు గిఫ్టు, పెళ్లికి గిఫ్టు, గృహప్రవేశానికి గిఫ్టు. ఈ మాట మన నోట ఎంతగా నలిగిందంటే, ఇంట్లో పెద్దవాళ్లు కూడా కానుక అనడం తగ్గించేశారు. అదే మాట జర్మనీలో ఎలుకల మందు డబ్బా మీద కనబడుతుంది.

● జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం. ఎలుకల మందు ‘రాటెన్‌గిఫ్ట్’. ఏ పసివాడో పొరపాటున ఏదైనా మింగితే ఫోన్‌లో సలహా చెప్పే అత్యవసర సేవ ‘గిఫ్ట్‌నోట్‌రూఫ్’.

● స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో దీనికి రెండు అర్థాలు. ఒకటి విషం, రెండోది ‘పెళ్లయిన’. స్వీడిష్‌లో రాత గిఫ్టే కానీ పలుకు ‘యిఫ్ట్’. అక్కడ మిమ్మల్ని ‘యిఫ్టా?’ అని అడిగితే, పెళ్లయిందా అని అడిగినట్టు.

● డచ్‌వాళ్లకు గిఫ్ట్ అంటే కానుకే, విరాళమే. విషాన్ని ‘గిఫ్’ అంటారు. విషపూరితమైనదాన్ని మాత్రం ‘గిఫ్టిగ్’ అంటారు.

● ఇన్ని అర్థాలూ ఒక్క కడుపున పుట్టినవే. ఇంగ్లిష్ ‘గివ్’, జర్మన్ ‘గేబెన్’ రెంటికీ ఇవ్వడం అని అర్థం. ఇచ్చినది గిఫ్ట్. పాత ఇంగ్లిష్‌లో ఈ మాటకు అర్థం కన్యాశుల్కం. బహువచనంలో వాడితే ఏకంగా పెళ్లి! ఇదేమీ మనకు వింత కాదు. ‘మీ పెద్దమ్మాయిని ఎవరికిచ్చారు?’ అని మనమూ అడుగుతాం. పిల్లను ఇవ్వడమే పెళ్లి అనే ఆ పాత ఊహే స్కాండినేవియా భాషల్లోనూ మిగిలింది. జర్మన్‌లో కట్నాన్ని ‘మిట్‌గిఫ్ట్’ అంటారు. అంటే వెంట ఇచ్చి పంపినది.

● మరి ఇచ్చినది విషం ఎలా అయింది? గ్రీకులో ‘డోసిస్’ అంటే ఇవ్వడం. రోగికి ఒకసారి ఇచ్చే మందుకూ ఆ పేరే పెట్టారు. మన ఆస్పత్రుల్లో వినబడే డోసు అదే. సంస్కృతంలోని దానం, దత్తత కూడా ఆ ధాతువుకు చుట్టాలే. డోసిస్ అనాల్సిన చోట జర్మన్‌లో గిఫ్ట్ అన్నారు. విషం అని బాహాటంగా అనలేక ‘ఇచ్చినది’ అని సరిపెట్టారు. పోనుపోను ఆ చాటు అర్థమే అసలు అర్థమై, కానుక అనే అర్థం కనుమరుగైంది.

మన ‘మందు’ సంగతి చూడండి. జ్వరానికి మందు, పొలానికి పురుగుల మందు, తుపాకీలో మందు, సీసాలో మందు. ‘మందు తాగాడు’ అని పల్లెలో కబురొస్తే, అది సారాయో పురుగుల మందో చెప్పేవారి గొంతును బట్టే తెలుస్తుంది. చెప్పలేని మాటను మెత్తటి మాట చాటున దాచడం అక్కడా ఇక్కడా ఒకటే. ఇంగ్లిష్ ‘పాయిజన్’ కూడా అంతే. లాటిన్‌లో దాని మూలపదానికి వట్టి పానీయమనే అర్థం.

● ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1924లో ఈ ఒక్క మాట మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. దాని పేరు ‘గిఫ్ట్, గిఫ్ట్’. పూర్వపు జర్మన్ తెగల్లో ఒకరికొకరు ఇచ్చుకునే కానుకల్లో ముఖ్యమైనది పానీయం. చేతికందిన పాత్రలో ఉన్నది కానుకో విషమో తాగేదాకా తెలియదు కదా అన్నది ఆయన ఆలోచన. ఆ తర్వాత కానుకల మీద రాసిన పెద్ద గ్రంథంలో మహాభారతంలోని అనుశాసనిక పర్వాన్ని, అందులో చెప్పిన దానధర్మాలనూ ఆయన పరిశీలించాడు. నన్నడిగితే, ఒక మాట వెనక ఇంత దూరం నడిచిన పండితుడికి దండం పెట్టాలి.

● సరే, జర్మన్‌లో బహుమతిని ఏమంటారు? ‘గెషెంక్’. దీని వెనకా పానీయమే ఉంది. ‘షెంకెన్’ అంటే మొదట్లో తాగడానికి ఏదైనా పోసి ఇవ్వడమనే అర్థం ఉండేది.

చదువుకనో ఉద్యోగానికనో జర్మనీకి వెళ్తున్న మన పిల్లలకు ఈ రెండు మాటలూ చెప్పి పంపండి. స్నేహితులకు ఇవ్వాల్సింది గెషెంక్. సీసా మీద గిఫ్ట్ అని ఉంటే మాత్రం చిన్నపిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి.