గూడబాతు పిల్లల ఆహారయాచన: ప్రవర్తన - పరిణామాత్మక వివరణ

వ్యాససంగ్రహం:
పక్షిపిల్లలు ఆహారం కోసం చేసే అరుపులు, చేష్టలు కేవలం ఆకలికి సూచనలు కావు. తల్లిదండ్రులకు, పిల్లలకు మధ్య, తోబుట్టువుల మధ్య నడిచే పోటీ కూడా వాటిలో ఉంటుంది. గూడబాతు కుటుంబజీవనం ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గూడబాతు, ఆహారయాచన, నేలపట్టు, తోబుట్టువుల పోటీ, పరిణామం.

1. ఉపోద్ఘాతం:
పెలికాన్‌ను తెలుగులో గూడబాతు, గూడకొంగ అని పిలుస్తారు. ఈ పేరులోని ‘గూడ’ పొలానికి నీళ్ళు తోడే సాధనాన్ని గుర్తుచేస్తుంది. పక్షి కింది ముక్కుకు వేలాడే చర్మపు సంచి కూడా నీటితో సహా చేపలను తోడుతుంది. పొట్టి కాళ్ళు, బరువైన దేహం, దేహానికి పొంతన లేని పొడవాటి ముక్కు చూసేవారికి నవ్వు తెప్పిస్తాయి. పిల్లలు ఆహారం అడిగే తీరు అంతకంటే వింతగా ఉంటుంది. ఆ వింత చేష్టలకు బతుకుపోరాటంతో సంబంధం ఉంది.

తిరుపతి జిల్లాలోని నేలపట్టు పక్షిసంరక్షణ కేంద్రం మచ్చల ముక్కు గూడబాతులకు ప్రసిద్ధమైన సంతానోత్పత్తి స్థలం. చెరువునీటిలో నిలిచిన కడప చెట్లపై ఇవి గుంపులుగా గూళ్ళు కట్టుకుంటాయి. సమీపంలోని పులికాట్ సరస్సు వీటికి చేపలను అందిస్తుంది.

2. గూటిలో పోషణ:
ఈ జాతి ఆడపక్షి సాధారణంగా మూడు, నాలుగు గుడ్లు పెడుతుంది. సుమారు నెల రోజుల పొదుగుడు తరువాత పిల్లలు బయటికి వస్తాయి. పొదగడం, మేపడం రెండూ తల్లిదండ్రులు కలిసి చేసే పనులే. అప్పుడే పుట్టిన పిల్లకు ఈకలు ఉండవు. కొద్ది రోజులకు తెల్లని నూగు వస్తుంది.

గూడబాతు తన సంచిలో చేపలను దాచి పిల్లలకు తెస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. సంచి చేపలను తోడే వల మాత్రమే. నీటిని వడకట్టిన తరువాత పక్షి చేపలను మింగి, వాటిని లోపలే ఉంచుకొని గూటికి చేరుతుంది. చిన్నపిల్లలకు సగం జీర్ణమైన ద్రవాన్ని కక్కి అందిస్తుంది. పిల్ల పెరిగిన కొద్దీ తన తలను తల్లి నోటిలోకి, గొంతులోకి దూర్చి ఆహారాన్ని తానే లాక్కుంటుంది. దూరం నుంచి చూసేవారికి తల్లి పిల్లను మింగుతున్నట్లు కనిపిస్తుంది.

3. యాచనారూపాలు:
గూడబాతులలో యాచన గుడ్డులోనే మొదలవుతుంది. అమెరికా తెల్ల గూడబాతులలో, గుడ్డు చిట్లే దశలో చలి తగిలితే లోపలి పిల్ల అరుస్తుంది. అది వెచ్చదనం కోసం చేసే యాచన. పుట్టిన తరువాత అరుపుకు చేష్టలు తోడవుతాయి. పిల్ల తల ఊపుతుంది, రెక్కలు కొట్టుకుంటుంది, తల్లి ముక్కును పొడుస్తుంది.

వీటన్నిటికంటే విచిత్రమైనది మూర్ఛను పోలిన ప్రవర్తన. అనేక గూడబాతు జాతులలో పిల్లలు మేతకు ముందో తరువాతో గిలగిల కొట్టుకుంటాయి. తమ రెక్కను తామే కరుచుకుంటాయి, చివరికి స్పృహ తప్పినట్లు పడిపోతాయి. కొద్దిసేపటికి మామూలుగా లేస్తాయి. ఈ ప్రవర్తనకు శాస్త్రజ్ఞులందరూ అంగీకరించిన వివరణ లేదు.

4. యాచన వెనుక పోటీ:
1974లో రాబర్ట్ ట్రివర్స్ తల్లిదండ్రులకు, సంతానానికి మధ్య ప్రయోజనాల ఘర్షణ ఉంటుందని ప్రతిపాదించాడు. తల్లికి పిల్లలన్నిటితోనూ జన్యుసంబంధం సమానమే. పిల్లకు మాత్రం తోబుట్టువుతో ఉన్న సంబంధం తనతో తనకున్న దానిలో సగమే. అందువల్ల తల్లి ఇవ్వదలచిన దానికంటే ఎక్కువ అడగడం పిల్లకు లాభదాయకం.

అలాగైతే పిల్లలన్నీ ఎప్పుడూ అబద్ధపు ఆకలితోనే అరవాలి కదా అన్న ప్రశ్న వస్తుంది. 1991లో చార్లెస్ గాడ్‌ఫ్రే గణితనమూనా ద్వారా దీనికి సమాధానం చూపాడు. యాచనకు కొంత వెల ఉంటుంది. అరుపుకు శక్తి ఖర్చవుతుంది, ఆ అరుపే శత్రువులకు గూటి జాడ చెప్పవచ్చు. నిజంగా ఆకలిగా ఉన్న పిల్లకే ఆ వెల చెల్లించడం గిట్టుబాటవుతుంది. కాబట్టి యాచన తీవ్రతను తల్లి కొంతవరకు నమ్మవచ్చు.

అయితే గూటిలో బలం కూడా లెక్కలోకి వస్తుంది. గూడబాతు మొదటి గుడ్డు పెట్టిన నాటి నుంచే పొదగడం ప్రారంభిస్తుంది. అందువల్ల పిల్లలు ఒక్కొక్కటిగా, రోజుల తేడాతో పుడతాయి. ముందు పుట్టినది పెద్దదై మేతను ఆక్రమిస్తుంది, చిన్నదాన్ని పొడుస్తుంది. అమెరికా తెల్ల గూడబాతు సాధారణంగా రెండు గుడ్లు పెట్టినా తరచుగా ఒక పిల్లే బతుకుతుంది. రెండవ గుడ్డు మొదటిది విఫలమైతే ఆదుకునే భరోసా వంటిది. చిన్నపిల్ల ఎంత నిజాయితీగా అడిగినా పెద్దపిల్లను దాటి ఆ పిలుపు తల్లిని చేరడం కష్టం.

5. ముగింపు:
గూడబాతు పిల్ల యాచనకు గూడే వేదిక. గూటి నుంచి నేలపై పడిన పిల్ల ఎంత అరిచినా తల్లిదండ్రులు కిందికి దిగివచ్చి మేపవు. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో గ్రామస్థులు ఇలా పడిపోయిన పిల్లలను ఆవరణలో ఉంచి, చేపలు వేసి పెంచి వదులుతున్నారు. తల్లికి చేరని యాచనను అక్కడ మనుషులు అందుకున్నారు.

మనుషులు గూళ్ళను సమీపిస్తే పెద్దపక్షులు లేచిపోతాయి. బెదిరిన పిల్లలు తిన్నదాన్ని కక్కేస్తాయి. కాపలా లేని గుడ్లు కాకుల పాలవుతాయి. అందువల్ల నేలపట్టు వంటి చోట్ల సందర్శకులు నిర్ణీత దూరం నుంచే చూడడం మర్యాదకు మించిన అవసరం. చూసేవారికి వినోదంగా తోచే ఆ గిలగిలలో పిల్లకు ఆ పూట మేత దక్కడమో, దక్కకపోవడమో తేలుతుంది.