కూతకు ముందెవరు?

సాయంత్రం నాలుగున్నర. బడి గంట కొట్టి పావుగంటయింది. మైపాడు వైపు నుంచి ఉప్పుగాలి మొదలైంది. ఇందుకూరుపేట మండలంలోని ఓ హైస్కూలు వెనకాల, నీళ్లు చల్లిన నేలమీద ఇద్దరమ్మాయిలు సున్నంతో గీతలు గీస్తున్నారు. ఒకమ్మాయి తాడు పట్టుకుంది. రెండో అమ్మాయి వంగి, డబ్బాలోంచి పిడికిలితో సున్నం వదులుతూ పోతోంది. గీత కాస్త వంకరపోతే ఇద్దరూ పకపకా నవ్వుకుంటున్నారు.

వీళ్లిద్దరికీ పోటీ అంటే ఎవరైనా నమ్ముతారా? కానీ నిజం. ఇద్దరిదీ ఒకటే జట్టు, ఒకటే ఆట. ఇద్దరికీ కావలసిందీ ఒక్కటే... కబడ్డీ జట్టులో మొదటి రైడర్ చోటు.

"పేర్లు మాత్రం వెయ్యొద్దమ్మా. రేపు ఎవరికి రాకపోయినా ఊళ్లో ఒక మాటొస్తుంది" అని ఇద్దరి తల్లులూ విడివిడిగా, దాదాపు అవే మాటల్లో చెప్పారు. అందుకని పదో తరగతి చదివే పిల్లను పెద్దమ్మాయి అనీ, తొమ్మిదో తరగతి పిల్లను చిన్నమ్మాయి అనీ అనుకుందాం. పెద్దమ్మాయి పొడగరి, కాళ్లు బారు. చిన్నమ్మాయి పిచ్చుకలా ఉంటుంది. ఇక్కడుందనుకునేలోపు అక్కడుంటుంది.

ఒంటరిగా వెళ్లే మనిషి

మన చిన్నప్పటి చెడుగుడే ఇది. కాకపోతే ఇప్పుడు కొలతలూ గడియారాలూ వచ్చాయి. ఆడపిల్లల కోర్టు పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. బరిలో ఏడుగురు, బయట అయిదుగురు. రైడర్ కూత విడవకుండా అవతలి వాళ్లలోకి వెళ్లి, ఎవరినైనా తాకి, ముప్ఫై సెకన్లలోపు నడిమి గీత చేరుకోవాలి. ఏడుగురున్న ఇంట్లోకి ఒక్కతే వెళ్లి, చెయ్యో కాలో తగిలించి పారిపోయి రావడమన్నమాట! మిగతా ఆరుగురూ అప్పుడు చెయ్యగలిగేది చూడటమే.

జట్టులో కూతకు వెళ్లేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు. కానీ మొదటి రైడర్ వేరు. తొలి కూత ఆమెదే. వరసగా రెండు కూతలు వట్టిగా పోయి, మూడోదానికి పాయింటు తేకపోతే అవుటయ్యే పరిస్థితి వచ్చినప్పుడు అందరి కళ్లూ ఆమె మీదికే వెళతాయి. పై జట్లకు ఎంపిక చేసేవాళ్లు నోటుపుస్తకంలో ముందు రాసుకునే నంబరూ ఆమెదే. పేర్ల జాబితాలో పన్నెండు మందీ ఉంటారు నిజమే. ఆట చూపించే అవకాశం మాత్రం అందరికీ రాదు.

అమెరికాలో పిల్లలున్న అమ్మలకు ఇలాంటి చోటు ఇంకొకటి తెలిసే ఉంటుంది. అక్కడి కాలేజీల్లో ఆడే ఫుట్‌బాల్లో బంతిని చంకలో పెట్టుకుని మనుషుల గోడలోకి దూసుకుపోయేవాణ్ని రన్నింగ్ బ్యాక్ అంటారు. పదకొండు మంది జట్టులో ఆ చోటు కోసం ఏళ్ల తరబడి కాచుకుంటారు. ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీలో బ్యారీ శాండర్స్ 1986, 1987 సంవత్సరాల్లో థర్మన్ థామస్ వెనకాల రెండోవాడిగానే ఉండిపోయాడు. థామస్ వెళ్లిపోయాక 1988లో చోటు దొరికింది. ఆ ఒక్క సీజన్లో 2,628 గజాలు పరిగెత్తి, కాలేజీ ఆటలో అన్నిటికన్నా పెద్దదైన హైస్మన్ ట్రోఫీ తీసుకున్నాడు. ముందున్న వాడు తప్పుకునేదాకా ఆగాడన్నమాట. మన చిన్నమ్మాయికి ఈ కథ చెప్తే, "అక్క పది పాసై పోయేదాకా నేను ఆగాల్నా?" అని కళ్లు పెద్దవి చేసింది!

నూనె జడలు, గాజు గాజులు

ఈ ఆటలో అడుగుపెట్టాలంటే ముందు ఇంట్లో ఒక యుద్ధం గెలవాలి. గోళ్లు దగ్గరగా కత్తిరించుకోవాలి. గాజులు, కమ్మలు, గొలుసు, పిన్నులు... ఏవీ ఉండకూడదు. ఒంటికి నూనె రాసుకోకూడదన్నదీ నియమమే. పట్టుకున్నవాళ్ల చేతుల్లోంచి జారిపోతారు కదా మరి! తలకు నూనె పెట్టి రెండు జడలు బిగించి పంపితేగానీ మన అమ్మలకు తృప్తి ఉండదాయె. పెద్దమ్మాయి వాళ్లమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. తెల్లారకముందే వెళ్లాలి గనక రాత్రే కూతురికి తలదువ్వి నూనె పెట్టేసేదట. "సారు రెండుసార్లు ఇంటికి పంపించేసినాడు. అప్పట్నుంచి నూనె ఆదివారమే" అని నవ్వింది.

ఆమెకు ఆట సంగతులు పెద్దగా తెలియవు. కానీ ఒకటి బాగా తెలుసు. "ఆటల కోటాలో పోలీసులోనో రైల్లోనో ఉద్యోగం వస్తుందంట గదా. నా చేతులు జూడండి, ఐసులో పెట్టి పెట్టి ఎట్టయిపోయినాయో. దానికీ పని వద్దు." ఇదేమీ గాలిమాట కాదు. కర్ణాటకలోని ఉడుపి జిల్లా పల్లెలో పుట్టిన మమతా పూజారి కబడ్డీతోనే దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం తెచ్చుకుంది. 2012లో పాట్నాలో తొలి మహిళల ప్రపంచకప్ గెలిచిన మన జట్టుకు కెప్టెన్ ఆమే. 2014లో అర్జున అవార్డూ అందుకుంది.

చిన్నమ్మాయి నాన్న సముద్రం మీద వేటకు వెళతాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంటిపట్టునే ఉంటాడు గనక, వేసవి ప్రాక్టీసుకు తనే బండిమీద దింపి, చెట్టుకింద కూర్చుని చూసేవాడు. చూసి చూసి ఇప్పుడు పి.ఇ.టి. సారుకే సలహాలిస్తున్నాడట. "మా పాపను ముందు పంపించు సార్, నీకే తెలుస్తుంది" అని. సార్ ఏమంటారు పాపం, నవ్వేసి ఊరుకుంటారు.

పాయింటు వచ్చింది... మనిషి రాలేదు

ఇద్దరి ఆటా వేరు. పెద్దమ్మాయిది బోనస్ ఆట. అవతలి కోర్టులో ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు, లోపలున్న బోనస్ గీత దాటి ఒక కాలు మోపి, రెండో కాలు గాల్లో ఉంచగలిగితే, ఎవరినీ తాకకపోయినా ఒక పాయింటు. బారుకాళ్ల పిల్లకు అది చేతిలో పని. చిన్నమ్మాయికి ఆ గీత దూరం. అందుకని తాకడమే నేర్చుకుంది. వెనక్కి తిరిగిపోతున్నట్టే కనిపించి, చటుక్కున చెయ్యి విసిరి వచ్చేస్తుంది. ఎక్కువసార్లు దొరికిపోయేదీ ఆమే.

ఇక్కడే ఉంది అసలు మెలిక. మన జట్టులో ఒకరు అవుటై బయట కూర్చున్నారనుకోండి. మనం అవతలివాళ్లను ఒకరిని తాకి అవుట్ చేస్తే, మనవాళ్లలో ముందు అవుటైనవాళ్లు తిరిగి లోపలికొస్తారు. బోనస్‌తో అలా కాదు. పాయింటు పెరుగుతుంది, మనిషి మాత్రం బయటే ఉండిపోతుంది.

నేను చూసిన రోజున పాత విద్యార్థినులతో ప్రాక్టీసు ఆట పెట్టారు. చిన్నమ్మాయి మొదట్లోనే దొరికిపోయి బయటికొచ్చి కూర్చుంది. పెద్దమ్మాయి కూతకు వెళ్లింది... బోనస్. మళ్లీ వెళ్లింది... మళ్లీ బోనస్. పిల్లలు చప్పట్లు. మూడోసారి ఎడమవైపు మూలనున్న అమ్మాయి ముందుకు తూలి, ఇదిగో తాకు అన్నట్టు దొరికింది. నాబోటిదానికే కనిపించింది. పెద్దమ్మాయి ఆమె వైపు చూసి కూడా, బోనస్ గీత మీదికే కాలు చాపి తిరిగొచ్చింది.

సార్ విజిల్ వేశారు.

"మూడు పాయింట్లు తెచ్చినా గదా సార్?"

"తెచ్చినావు. మరి అదేది?" అని బయట కూర్చున్న చిన్నమ్మాయిని చూపించారు.

అంతే, ఇంకొక్క మాట అనలేదు. ఆట మళ్లీ మొదలైంది. ప్రాక్టీసు అయిపోయాక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ పెద్దమ్మాయే నాతో అంది: "అబద్ధం ఎందుకు చెప్పాల మేడమ్... అది లోపలికొస్తే తర్వాత కూతకు సార్ దాన్నే పంపుతాడు. నాకు తెలుసు. అందుకే తాకలా." చెప్పేసి తువ్వాలు మొహం మీద వేసుకుని చాలాసేపు తియ్యలేదు.

నాకు ఆ పిల్లమీద కోపం రాలేదు. మీకొస్తుందా? ఒక్క చోటు, ఇద్దరు మనుషులు. తోడికోడళ్ల మధ్య, ఆఫీసు బల్లల మధ్య మనం చూడని సంగతా ఇది? కాకపోతే మనం ఇంత తొందరగా ఒప్పుకోం.

పెద్దవాళ్లకూ తప్పలేదు

ఇది పల్లెటూరి పిల్లల గోల అనుకోకండి. హైదరాబాద్‌లో పెరిగిన మన మిథాలీ రాజ్‌నే చూడండి. 2018లో వెస్టిండీస్‌లో జరిగిన టి20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ మీదా, ఐర్లాండ్ మీదా వరసగా అర్ధ సెంచరీలు కొట్టింది. మోకాలు నొప్పితో ఆస్ట్రేలియా ఆటకు ఆగిపోయింది. ఆమె లేకుండా ఆడి గెలిచిన జట్టునే సెమీఫైనల్‌కూ దించారు. నవంబరు 22న ఇంగ్లండ్ చేతిలో 112 పరుగులకే కుప్పకూలి, ఎనిమిది వికెట్లతో ఓడిపోయాం. మిథాలీ బయటే కూర్చుని చూసింది. దానిమీద ఎంత రభస జరిగిందో గుర్తుండే ఉంటుంది.

2025 ప్రపంచకప్‌దైతే ఇంకో రకం కథ. ప్రతీకా రావల్ ఓపెనర్‌గా దిగి 308 పరుగులు చేసింది. అక్టోబరు 26న బంగ్లాదేశ్‌తో ఆటలో ఫీల్డింగ్ చేస్తూ కాలికి దెబ్బ తగిలించుకుంది. ఆ చోట్లోకి, అప్పటిదాకా జట్టులోనే లేని షెఫాలీ వర్మను పిలిపించారు. నవంబరు 2న ఫైనల్లో షెఫాలీ 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసి, ఆ ఆటకే ఉత్తమ క్రీడాకారిణి అయింది. ప్రతీక చక్రాల కుర్చీలో మైదానంలోకి వచ్చింది. జట్టు జాబితాలోంచి పేరు తీసేశారు గనక ఆ రాత్రి ఆమెకు పతకం లేదు. తర్వాత అందింది లెండి. కప్పు గెలిచిన ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉందని ఇక్కడి పిల్లలందరికీ కంఠతా వచ్చు. ప్రతీక పేరు అడిగితే మాత్రం పెద్దమ్మాయి ఒక్కతే చెప్పింది.

కబడ్డీలో చోట్లే తక్కువ. మగవాళ్ల ప్రో కబడ్డీ 2014లో మొదలై ఏళ్ల తరబడి సాగుతోంది. ఆడవాళ్ల కోసం 2016లో మూడు జట్లతో ఒక పోటీ పెట్టారు. తర్వాతి ఏడాది అది కొనసాగలేదు. మన అమ్మాయిలేం తక్కువ తిన్నారా? 2010, 2014 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు. 2018లో ఇరాన్ చేతిలో 24-27తో ఓడి వెండితో సరిపెట్టుకున్నా, 2023లో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీ మీద 26-25తో, ఒక్కటంటే ఒక్క పాయింటుతో మళ్లీ బంగారం. 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచకప్ కూడా మనదే. ఇంత గెలిచినా మగవాళ్ల ప్రో కబడ్డీలా ఏళ్ల తరబడి సాగిన లీగ్ వీళ్లకు లేదు. పెద్ద చోట్లు తక్కువైనకొద్దీ కింద, ఈ సున్నపు గీతల దగ్గర తోపులాట ఎక్కువవుతుంది.

తర్వాత ఏమైందంటే

మండల స్థాయి ఆటల రోజున సార్ తొలి కూతకు పెద్దమ్మాయినే పంపారు. రెండేళ్లుగా ఆ చోటు తనదే గదా. మొదటి సగంలో బాగానే ఆడింది. రెండో సగంలో అవతలి జట్టువాళ్లు బోనస్ గీత దగ్గర కాపు కాసి చీలమండ పట్టేశారు. అవుటై బయటికొచ్చింది. చిన్నమ్మాయి కూతకు వెళ్లి, మూలనున్న అమ్మాయి భుజం తాకి వచ్చింది. ఆ దెబ్బతో పెద్దమ్మాయి తిరిగి లోపలికెళ్లింది. ఆట నాలుగు పాయింట్లతో గెలిచారు.

పై స్థాయి జట్టుకు రైడర్‌గా చిన్నమ్మాయి పేరొచ్చింది. పెద్దమ్మాయి పేరు లేదు.

మూడు రోజులు పెద్దమ్మాయి ప్రాక్టీసుకు రాలేదు. తలనొప్పన్నారు, కడుపునొప్పన్నారు. నాలుగో రోజు వాళ్లమ్మ షెడ్డు నుంచి తిన్నగా స్కూలుకే వచ్చి, సారును పక్కకు పిలిచి ఏదో మాట్లాడింది. సార్ ఆ సాయంత్రం పిల్లకు కబురు పెట్టారు. "కాళ్లు బారు, చేతులూ బారే. కార్నర్‌లో నిలబడి పడతావా? కాలేజీ జట్లకు పట్టేవాళ్లు కావాల" అన్నారట.

మొన్న మళ్లీ వెళ్లినప్పుడు చూశాను. నూనె లేని జడ బిగించి ముడేసుకుని, పెద్దమ్మాయి ఎడమ మూలన వంగి నిలబడింది. కూతకు వస్తున్నది చిన్నమ్మాయి. కాలు చాపిందో లేదో, చీలమండ దొరకబుచ్చుకుని ధబ్బున పడేసింది.

"అబ్బా, నొప్పక్కా!"

"లెయ్‌మే, లేచి మళ్లీ రా" అంది పెద్దమ్మాయి, మోచేతి మట్టి దులుపుకుంటూ.