బొండం నుంచి కురిడీ దాకా

చెట్టు మీద వేలాడేదీ, గుళ్లో కొట్టేదీ, పచ్చడిలో రుబ్బేదీ ఇంగ్లీషులో కోకోనట్టే. తేడా చెప్పాల్సి వస్తే ముందు ఒక విశేషణం తగిలిస్తారు. లేతదైతే టెండర్ కోకోనట్, ఎండినదైతే డ్రై కోకోనట్. పాలకొల్లు చుట్టుపక్కలా, చించినాడ దగ్గర వశిష్ఠ గోదావరి వంతెన దాటితే వచ్చే కోనసీమలోనూ ఆ ఒక్క మాటతో పూట గడవదు. ఇక్కడ కొబ్బరి పంటా, వ్యాపారమూ, వంటా, పూజా కూడా. అందుకే కాయ వయసును బట్టి, చేరే చోటును బట్టి పేరు మారుతుంది.

అసలైన పర్యాయపదాలు

కొబ్బరికాయ, టెంకాయ, నారికేళం. ఈ మూడూ ఒకే వస్తువుకు పేర్లు. అయినా వాడుకలో ఒకదాని చోట ఇంకొకటి కుదరదు. గోదావరి జిల్లాల్లో వినిపించేది కొబ్బరికాయ. రాయలసీమలో, నెల్లూరు వైపు టెంకాయ. తమిళంలోని తేంగాయ్, కన్నడంలోని తెంగినకాయి దీనికి చుట్టాలే. ‘తెన్’ అంటే దక్షిణం కాబట్టి టెంకాయ అంటే దక్షిణాది కాయ అని భాషావేత్తలు కొందరు అర్థం చెబుతారు.

నారికేళం సంస్కృతం నుంచి వచ్చిన మాట. దాని చోటు కావ్యాల్లో, శ్లోకాల్లో. సులువుగా రుచి అందే కవిత్వాన్ని ద్రాక్షాపాకమనీ, తొక్క ఒలిస్తే అందేదాన్ని కదళీపాకమనీ, కష్టపడి పగలగొడితే గానీ అందనిదాన్ని నారికేళపాకమనీ ఆలంకారికులు విభజించారు. పాలకొల్లు రైతు ఎవరూ తోటలో నారికేళాలు దింపించానని అనడు. నారికేళపాకాన్ని కొబ్బరిపాకం అంటే వినేవాళ్లకు కవిత్వం బదులు కొబ్బరి లౌజు గుర్తొస్తుంది.

కొబ్బరి వేరు, కొబ్బరికాయ వేరు

‘కొబ్బరి’ అంటే లోపలి తెల్లని గుజ్జు, ‘కొబ్బరికాయ’ అంటే మొత్తం కాయ. పచ్చడిలో కొబ్బరి వేస్తారు, గుడికి కొబ్బరికాయ పట్టుకెళ్తారు. బజారులో కొలత కూడా ఈ తేడాను అనుసరించే ఉంటుంది. ఎండబెట్టిన కొబ్బరికి క్వింటాల్ లెక్కన, కాయలకు వెయ్యి లెక్కన ధర కడతారు.

ఇంగ్లీషువాళ్లకు కోకోనట్ కాక వేరే మాటలు కావాల్సి వచ్చిందీ వ్యాపారం కోసమే. ఎండు కొబ్బరిని చెప్పే కొప్రా మలయాళంలోని కొప్పర నుంచి పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లింది. పీచును చెప్పే కాయిర్ కూడా మలయాళ పదమైన కయర్ నుంచి పుట్టిందే. కోకో మాత్రం పోర్చుగీసు, స్పానిష్ భాషల మాట. కాయ అడుగున ఉండే మూడు కళ్లను చూసి, పిల్లలను భయపెట్టే బూచి ముఖంతో పోల్చి ఆ పేరు పెట్టారని చెబుతారు. 1755లో అచ్చయిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో ఈ కోకోకూ, చాక్లెట్ తయారయ్యే కోకోకూ మధ్య గందరగోళం ఏర్పడింది. ఆ తర్వాత చాలాకాలం ఇంగ్లీషు పుస్తకాల్లో కొబ్బరికాయ స్పెల్లింగు కూడా రెండో కోకో మాదిరిగానే కనిపిస్తుంది.

వయసును బట్టి పేర్లు

పొత్తి పగిలి గెల బయటపడ్డాక పూత, తర్వాత పిందె. ఆరేడు నెలలకు బొండం. అప్పుడు నీళ్లు నిండుగా ఉంటాయి, కొబ్బరి అప్పుడప్పుడే చెంచాతో తీసుకునేంత మెత్తగా ఏర్పడుతుంది. పదకొండు, పన్నెండు నెలలకు ముదిరి కాయ అవుతుంది. నీళ్లు తగ్గుతాయి, కొబ్బరి గట్టిపడుతుంది, నూనె చేరుతుంది.

బొండానికీ కాయకూ ఉన్న హద్దు ఆచారాల్లోనూ కనిపిస్తుంది. గోదావరి పెళ్లిళ్లలో పెళ్లికూతురి చేతికి అలంకరించిన బొండం ఇస్తారు. పాలకొల్లు క్షీరారామంలోనైనా, ఊరి చివరి అమ్మవారి గుడిలోనైనా కొట్టేది పిలక ఉంచి పీచు ఒలిచిన కాయను. ఏదైనా పని మొదలుపెడితే దానికి కొబ్బరికాయ కొట్టారంటారు. బొండం కొట్టారంటే మాత్రం దాహం తీర్చుకున్నట్టే.

ఒక రకం పేరులోనూ ఈ మాట చేరింది. ఆంధ్ర ప్రాంతపు పొట్టి రకం గంగబొండం. దాన్నీ, తూర్పు తీరపు పొడుగు రకాన్నీ సంకరపరిచి అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం తయారుచేసిన హైబ్రిడ్‌కు గోదావరి గంగ అని పేరు పెట్టారు.

బజారు మాటలు

వరికి కోత ఉన్నట్టు కొబ్బరికి దింపు. చెట్టెక్కి గెలలు దించేవాళ్లు దింపు కార్మికులు, పీచు తీసేవాళ్లు ఒలుపు కార్మికులు. రెండూ వేర్వేరు నైపుణ్యాలు, కూలీ కూడా వేర్వేరు.

గోదావరి జిల్లాల పత్రికల్లో వచ్చే కొబ్బరి ధరల పట్టిక చూస్తే బయటివారికి కొత్త భాషలా ఉంటుంది. లోపల నీళ్లున్న కాయ నీటికాయ. అందులో రెండు రకాలుంటాయి. కొత్తగా దించినది పచ్చికాయ, నిల్వ ఉంచిన పాతది ముక్కుడు కాయ. బియ్యం ముక్కితే అది లోపం. కాయను ముక్కుడు అంటే మాత్రం తప్పుపట్టినట్టు కాదు, వయసు చెప్పినట్టు. 

నీటికాయ తర్వాత వచ్చేది కురిడీ. ముదిరిన కాయను పగలగొట్టకుండా నెలల తరబడి నిల్వ ఉంచితే లోపలి నీరు ఇంకిపోతుంది. కొబ్బరి టెంకను వదిలి గుండ్రని గుండులా విడివడుతుంది. కాయను ఊపితే లోపల కదిలే చప్పుడు వినిపిస్తుంది. ఇలా తయారైన కురిడీలో గండేరా, గటగట అనే తరగతులున్నాయి. గండేరాకు ధర ఎక్కువ పలుకుతుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో కురిడీని పూజలకూ, ఎండుఫలంగానూ వాడతారు కాబట్టి అక్కడ గిరాకీ ఉంది.

ప్రభుత్వ కాగితాల్లో కురిడీ పేరు బాల్ కొప్రా. పగలగొట్టి, ఎండబెట్టి, నూనె ఆడించడానికి పంపేది మిల్లింగ్ కొప్రా. 2025 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు మిల్లింగ్ కొప్రాకు 11,582 రూపాయలు, బాల్ కొప్రాకు 12,100 రూపాయలు. పేరు మారితే ధరా మారుతుంది.

కాయలో ముక్కలు

పైనున్న మందపాటి పొర డొక్క, అందులోంచి వచ్చే నార పీచు. గట్టి పెంకు టెంక. పగలగొట్టాక ఒక సగం చెక్క లేదా చిప్ప. కొబ్బరి తీసేశాక మిగిలిన ఖాళీ పెంకు కూడా చిప్పే. తురిమితే కోరు, కోరు పిండితే పాలు. మొలకెత్తే కాయలో నీళ్ల చోట పెరిగే మెత్తని ఉండ పువ్వు. కొట్టిన కాయలో పువ్వు కనిపిస్తే శుభమంటారు. చెట్టుకు మట్ట, మట్టకు ఆకులు, ఆకు మధ్య ఈనె, ఈనెలు కట్టగడితే చీపురు.

ఇంత పదజాలంలో పర్యాయపదాలు మొదటి మూడే. మిగతావన్నీ దశలూ, భాగాలూ, సరుకులూ. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాళ్లు తడబడేది ఇక్కడే. వంటల పుస్తకంలో ఒక కప్పు కోకోనట్ అంటే కొబ్బరి కోరు. ఆరోగ్య వ్యాసంలో కోకోనట్ వాటర్ అంటే బొండం నీళ్లు. డ్రై కోకోనట్ కూరపొడిలోకైతే ఎండు కొబ్బరి, ఉత్తరాదికి వెళ్లే లారీలోనైతే కురిడీ. సరైన మాట ఎంచుకోవాలంటే ముందు ఆ కాయ వయసెంతో, ఎక్కడికి పోతోందో తెలియాలి.