ఇంటిపనియు పనియే

నెల్లూరు తీరగ్రామములనుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికై కువైటునకు పోవుచుందురు. పొలమున జరుగు శ్రమ పదుగురి కంటబడును. పరుల యింటిలోపల జరుగు శ్రమ ఎవరికిని కానరాదు. అందుచేత చిరకాలము కార్మికశాసనములు దానిని విస్మరించినవి. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, తన 189వ ఒడంబడికద్వారా, ఇంటిపనివారికిని తక్కిన కార్మికులకువలె హక్కులు గలవని ప్రకటించెను. 2015లో కువైటు ప్రత్యేకశాసనము గావించెను. దాని ప్రకారము పనివేళ దినమునకు 12 గంటలు మించరాదు. వారమునకొకదినము విశ్రాంతియు, ఏటికి 30 దినములు జీతముతోడి సెలవును ఈయవలెను. సమ్మతి లేక పనివారి పాసుపోర్టును యజమాని ఉంచుకొనరాదు.

అయినను మూసిన తలుపుల వెనుకకు చట్టము తనంతట తాను ప్రవేశింపదు. హక్కు నెరిగినవారే దానిని పిలువగలరు. ఒప్పందపత్రము అరబ్బీతోపాటు ఇంగ్లీషునందును ఉండును. కనుక ఇంగ్లీషు నేర్చుచున్న బాలబాలికలు, తల్లి ప్రయాణమునకు ముందే, అందలి జీతము, పనివేళలు, సెలవులు ఆమెకు చదివి చెప్పవలెను.