దుబాయి జెండా పండుగ – కూలీకి దక్కేదెంత?

కండ్లకోయ: కామారెడ్డి, నిజామాబాదు వైపు నుండి గల్ఫ్‌కు పోయేవారు నాగపూర్ రోడ్డు మీదుగా వచ్చి, కండ్లకోయ వద్ద ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ విమానాశ్రయం చేరుకుంటారు. దుబాయి, అబుదాబీలలో దిగిన మనవారికి ఏటా ఎదురయ్యే పెద్ద పండుగ డిసెంబర్ 2. 1971లో ఆ రోజునే ఆరు ఎమిరేట్లు ఒక్కటై దేశంగా ఏర్పడ్డాయి. ఏడవదైన రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో వచ్చి చేరింది.

ఆనాడు ఏ కారు చూసినా ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు జెండా రంగులే. మగవారు వెదురు కర్రలు పట్టి, రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి, డోలు దెబ్బకు ఊగుతూ 'అయ్యాలా' ఆడతారు. చూడగానే మన కోలాటం గుర్తుకొస్తుంది గాని, అక్కడ కర్రకు కర్ర తగిలించరు. గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించే హరీస్ తిన్నవాడు ఇదేదో మన హలీమ్ లాగున్నదే అనుకుంటాడు. అనుకోడా మరి! హైదరాబాద్ హలీమ్‌కు మూలం ఆ అరబ్బు వంటకమే.

జీతంతో కూడిన సెలవు అయినా కొన్నిచోట్ల పని ఆగదు. 2022 ఫిబ్రవరి నుండి అమలైన అక్కడి కార్మిక చట్టం ప్రకారం, ప్రైవేటు కంపెనీ ఆ రోజు పని చేయించుకుంటే బదులు సెలవైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతానికి తోడు బేసిక్‌లో కనీసం 50 శాతం అదనంగా కట్టాలి. ఇళ్లలో పనిచేసేవారికి చట్టం వేరు.

లెక్కంతా బేసిక్ మీదనే. కనుక ఏజెంటు నోటితో చెప్పే మొత్తం కాక, ఒప్పంద పత్రంలో బేసిక్ ఎంత రాశారో విమానం ఎక్కకముందే చదివించుకోవాలి.